పెద్దబ్బాయీ అంటే పలికేవాడు

1973 జూన్ 11, ప్రోతరాపూర్

తమ్ముడు ఇవాళా రాలేదు.

అమ్మ మధ్యాహ్నం వాడి కంచం కూడా పెట్టింది. అన్నం చల్లారాక తీసి కోళ్ళకు వేసింది. సాయంత్రం మళ్ళీ పెట్టింది. నేను ఏమీ అనలేదు. అంటే నా మీద పడుతుంది, పడ్డాక ఏడుస్తుంది, ఏడిస్తే నాయనమ్మ "ఏ కబురూ రాకుండా ఇంట్లో ఏడుపేటే" అని కసురుతుంది. ఆ కసురు నేను వినలేను.

స్కూలు ఎగ్గొట్టి జోగులు మావయ్య డోంగీ ఎక్కి చేపల వేటకు పోయినందుకు, రానీ వాడి తోలు తీస్తానని నాన్న అంటూ వచ్చాడు. నిన్నటి నుంచి అనడం మానేశాడు. తిట్టినన్నాళ్ళూ ధైర్యంగా ఉంది నాకు.

గాలి తగ్గలేదు. పైన రేకులు కొట్టుకుంటున్నాయి. బస్సెక్కి వెళ్తే గాని మాకు సముద్రం లేదు. అయినా నాకు ఈ ఇంట్లో కూర్చుంటే వినబడుతుంది. చిన్నప్పటి నుంచీ అంతే, చెవిలో ఒక మూల ఎప్పుడూ నీటి చప్పుడు. ఇవాళ ఎంత గట్టిగా ఉందంటే అమ్మ పిలిస్తే కూడా సరిగా వినబడలేదు.

జూన్ 12

రాలేదు.

జూన్ 13

డోంగీ దొరికింది. చిడియా టాపు వైపు బోర్లా పడి ఉందట. జోగులు మావయ్య కూడా దొరికాడు, ప్రాణం లేదు. యర్రమ్మత్త మొగుడి కాళ్ళు పట్టుకుని వదలలేదు, నలుగురు ఆడవాళ్ళు పట్టి లాగాల్సి వచ్చింది. మా వాడు మాత్రం దొరకలేదు. దొరకలేదంటే ఎక్కడో ఒడ్డున ఉన్నట్టేనని నాన్న అందరికీ చెబుతున్నాడు. అందరూ తలలూపుతున్నారు.

పోలీసు వచ్చాడు. "లడ్‌కే కా నామ్?" అని అమ్మను అడిగాడు. అమ్మ నేల చూసింది. మామగారి పేరు అమ్మ నోట ఎలా వస్తుంది? నాయనమ్మ వైపు తిరిగాడు. మొగుడి పేరు ఆవిడ నోట అసలే రాదు. పాపం ఆయనకు మేం పిచ్చివాళ్ళలా కనబడి ఉంటాం, పిల్లాడి పేరు తెలియని ఇల్లు. చివరికి నేనే చెప్పాను, సత్యారావు అని. చెప్పాక నాకే కొత్తగా అనిపించింది. స్కూల్లో హాజరు పిలిచేటప్పుడు తప్ప ఆ పేరు ఎక్కడా విన్నది లేదు. తాత పోయాక పుట్టిన మొదటి మనవడని తాత పేరు పెట్టారు. పెట్టిన రోజు నుంచి ఆ పేరుతో ఒక్కరూ పిలవలేదు. వాడు పెద్దబ్బాయి. వీధిలో అందరికీ పెద్దబ్బాయే.

పదహారేళ్ళు వాడికి. నాకంటే ఒక్క ఏడాది చిన్న. ఈత నాకంటే బాగా వచ్చు. ఇది రెండుసార్లు రాసుకుంటున్నాను. ఈత నాకంటే బాగా వచ్చు.

జూన్ 14

నాయనమ్మ పొద్దుటి నుంచీ నన్నే కనిపెట్టుకుని ఉంది. బావి దగ్గరికి వెళ్తే బావి దగ్గరికి, పెరట్లోకి వెళ్తే పెరట్లోకి.

"గుంటా, ఆ ఆలోసన ఒదిలీ."

"ఏ ఆలోచన?"

"నాకు తెల్దనుకోకు. ఆ మొకం నాకూ ఒకప్పుడు ఉండేది."

నేను పెద్దమనిషినై మూల కూర్చున్నప్పుడు ఆవిడే చెప్పింది నాకు. నా చెవుల సంగతి కనిపెట్టి, భయపడి చెప్పింది. మా ఆడవాళ్ళలో తరానికొకరికి ఇలా నీటి చప్పుడు వినబడుతుందట. అలాంటిది మోకాలి లోతు నీళ్ళలో సముద్రానికి వీపు పెట్టి నిలబడి, ఒక గుక్క ఉప్పునీరు మింగి, పోయినవాణ్ణి పేరు పెట్టి పిలిస్తే సముద్రం ఇచ్చేస్తుందట. అడుగుల చప్పుడు దగ్గరికి వచ్చేదాకా వెనక్కి తిరగకూడదు. ఇంతే. ఇంత తేలికైన దాన్ని చేయొద్దని చెప్పడానికి ఆ రోజు ఆవిడకు పొద్దంతా పట్టింది.

ఆవిడ పదహారేళ్ళప్పుడు, నాన్న కడుపులో ఉండగా, పద్దెనిమిదేళ్ళ తాత వేటకెళ్ళిన తెప్ప తిరిగి రాలేదు. నోట్లో ఉప్పునీరు పోసుకుని నిలబడింది. వాళ్ళ అత్తగారు వెనకనుంచి వచ్చి నోరు నొక్కేసింది. "సముద్రం ఇచ్చినోడు మనోడో కాదో నువ్వేటి సెప్పగలవే" అందట. నాయనమ్మ ఆ నీళ్ళు ఉమ్మేసింది. తర్వాత చాలా ఏళ్ళకు వైజాగులో ఓడెక్కి ఇటు వచ్చినప్పుడు, ఈ దీవులు కనబడగానే పెద్దాడవాళ్ళంతా నాలుక మీద ఉప్పు పెట్టుకుని ఒట్టేసుకున్నారట, ఈ నీటి మీద ఎవరమూ ఎవర్నీ పిలవం అని. ఎవరెవర్ని దాచుకుందో తెలియని నీరు ఇది.

ఒట్టు వాళ్ళు వేసుకున్నారు. నేను అప్పటికి పుట్టనే లేదు.

జూన్ 15

పిలిచాను. వచ్చాడు.

జూన్ 16

నిన్న ఇంకేమీ రాయలేకపోయాను. ఇప్పుడు రాస్తాను.

యర్రమ్మత్తను చూసి వస్తానని చెప్పి మధ్యాహ్నం బస్సెక్కాను. జంగ్లీఘాట్ దాటాక రాళ్ళ దగ్గర ఎవరూ లేరు, వాన. నీళ్ళలోకి దిగి వీపు తిప్పి నిలబడ్డాను. ఉప్పునీరు గొంతు దిగడం లేదు, కక్కేశాను, మళ్ళీ మింగాను. పేరు పెట్టి పిలవాలని కదా నాయనమ్మ చెప్పింది. సరిగ్గా పిలవాలని స్కూల్లో పిలిచినట్టే పిలిచాను. సత్యారావూ అన్నాను. మూడోసారికి నీటి చప్పుడు ఆగిపోయింది. జీవితంలో మొదటిసారి నా చెవుల్లో ఏమీ లేదు. తర్వాత వెనక అడుగులు వినబడ్డాయి.

తిరిగి చూస్తే వాడే. మోకాలి మీద జామచెట్టు మీంచి పడినప్పటి మచ్చ. పళ్ళు కటకటలాడుతున్నాయి. నన్ను చూసి ఏడవలేదు, నవ్వలేదు. పట్టుకుని రోడ్డు మీదికి నడిపించుకుని వచ్చాను.

చెక్క పట్టుకుని కొట్టుకొచ్చాడని అందరూ అనుకుంటున్నారు. ఆస్పత్రిలో డాక్టరు షాక్ అన్నాడు, మాటలు నెమ్మదిగా వస్తాయన్నాడు. నాన్న ఆస్పత్రి వరండాలో అందరి ముందూ భోరుమని ఏడ్చాడు. అమ్మ వాడి తల తుడిచిందే తుడిచింది.

నేను బాధపడటం లేదు. ఒట్టు తప్పింది నేను కాదు, ఒట్టే నాది కాదు.

జూన్ 19

ఇంటికి తెచ్చారు. మాట్లాడుతున్నాడు.

హిందీ రావడం లేదు. వాడి స్నేహితుడు రాముడు వచ్చి "క్యా రే, ఫుట్‌బాల్ కౌన్ ఖేలేగా అబ్?" అంటే గోడకేసి చూశాడు. షాక్‌లో ముందు నేర్చుకున్న భాష మిగిలి, తర్వాత నేర్చుకున్నది పోతుందేమో. అలా జరుగుతుందని ఎక్కడో చదివాను. ఎక్కడో గుర్తు లేదు.

పెద్దబ్బాయీ అంటే పలకడు. చెవుల్లో నీళ్ళు పోయి ఉంటాయి.

బల్బు వెలిగిస్తే చేతులడ్డం పెట్టుకున్నాడు. ఆస్పత్రిలో అంత వెలుతురు చూసీ చూసీ కళ్ళు దెబ్బతిన్నాయి.

పెరట్లో చిరిగిన వల కనబడితే తీసుకుని, ఎవరూ అడక్కుండానే కుట్టేశాడు. కుడిచేత్తో. ముడులు చకచకా పడుతుంటే నాన్న నోరు తెరుచుకుని చూశాడు. మా వాడికి బూటు లేసు కట్టుకోవడం రాదు, వాడిది ఎడమచేయి. జోగులు మావయ్య నేర్పి ఉంటాడు. ఎడమచేతికి దెబ్బ తగిలి ఉంటుంది.

నాయనమ్మ వాడున్న గదిలోకి ఇంతవరకు రాలేదు. మోకాళ్ళ నొప్పులంటోంది.

జూన్ 21

యర్రమ్మత్త వచ్చింది. తెల్లచీరలో మొదటిసారి చూశాను. వాడి మంచం పక్కన కింద కూర్చుంది.

"బాబూ, ఆకర్న మీ మావ ఏటన్నాడు? నా పేరేటైనా ఎత్తాడా?"

వాడు ఆవిడను ఎరగనివాళ్ళను చూసినట్టు చూశాడు. "నువ్వెవులమ్మా?" అన్నాడు మర్యాదగా.

ఆవిడ మొహం చూడలేక నేను మధ్యలో పడ్డాను. నీ పేరే ఎత్తాడటత్తా, నాతో చెప్పాడు, ఇప్పుడు జ్వరంలో ఉన్నాడు అన్నాను. ఆవిడ నా చేతులు కళ్ళకద్దుకుంది. అబద్ధం చెప్పినందుకు కాదు, చేతులు కళ్ళకద్దుకున్నందుకు సిగ్గేసింది నాకు.

జూన్ 23

ఇక రాయక తప్పదు.

మధ్యాహ్నం వంటింట్లో నాయనమ్మ పిల్లిని తిడుతోంది. గొంతు పెద్దది కదా ఆవిడది. వాడు మంచం మీద లేచి కూర్చున్నాడు. తల పక్కకు పెట్టి విన్నాడు. తర్వాత పిలిచాడు.

"అచ్చీ!"

వంటింట్లో గరిటె కింద పడింది. నాయనమ్మను అచ్చమ్మ అని ఊళ్ళో పెద్దవాళ్ళు అనగా విన్నాను. అచ్చీ అని ఎవరూ అనగా వినలేదు. నాయనమ్మ గోడ పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. వాడు చూసి, ఆవిడ వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తొంగి చూశాడు. మళ్ళీ ఆవిడ మొహంలోకి చూశాడు.

"అచ్చీ, ఇంత ముసిలైపోనావేటే?"

"అవును మావా" అంది నాయనమ్మ. "శానా రోజులైపోనాది."

అతను ఏడ్చాడు. మా తమ్ముడి కళ్ళతో, మా తమ్ముడి ముక్కుతో. ఇప్పుడే వల లాగుతున్నానని, ఇప్పుడే అల వచ్చిందని, ఇంతలోకే ఇదేం అన్యాయమని. నాయనమ్మ మంచం మీద కూర్చుని అతని తల ఒళ్ళో పెట్టుకుంది. చూసేవాళ్ళకు నాయనమ్మా మనవడే.

జూన్ 24

"ఏ పేరు పెట్టి పిలిసేవే?" అని అడిగింది నాయనమ్మ, బావి దగ్గర. కోప్పడలేదు. కోప్పడితే బాగుండును.

"సత్యారావని."

"పిచ్చి గుంటా! మనోణ్ని ఆ పేరుతో ఎవులు పిలిసేరే? ఎప్పుడు పలికేడే ఆడు? నీళ్ళకేటి తెలుసు, నీ ఇస్కూలు పేర్లు? ఆ పేరుకి పలికినోడే వొచ్చేడు."

తాత నలభై ఏళ్ళకు పైగా ఎవరో ఒకరు పిలుస్తారని చూస్తున్నాడు కాబోలు. నేనెవరినో కూడా చూసుకోకుండా వచ్చేశాడు. మా వాడి ఒళ్ళు ఖాళీగా కనబడితే దూరాడు.

పదకొండో తరగతి చదువుతున్నాను, క్లాసులో ఫస్టు. ఏడ్చీ ఏడ్చీ తల పగిలిపోతోంది.

జూన్ 27

మళ్ళీ వెళ్ళాను. వీపు తిప్పి నిలబడి, పెద్దబ్బాయీ అన్నాను.

పలికాడు.

"ఆ రహా హూఁ దీదీ, బస్ ఆ రహా హూఁ."

చెట్టు దిగి రమ్మంటే ఎప్పుడూ ఇలాగే వస్తున్నానక్కా అని హిందీలో అంటాడు, దిగకుండా. అదే గొంతు, అదే విసుగు. అడుగులు కూడా వినబడ్డాయి, దగ్గరికి వచ్చి, నా చుట్టూ తిరిగి, మళ్ళీ దూరంగా వెళ్ళాయి. ఇల్లు తాళం వేసి ఉంటే చుట్టూ తిరిగినట్టు. పిలిచినప్పుడల్లా పలికాడు. తెలిసిన కండక్టరు చీకటి పడేలా ఉందని కేకేస్తే గాని బస్సెక్కలేదు.

వాడు ఉన్నాడు. చలిలో ఉన్నాడు. నేను వస్తానని చెప్పాను వాడికి.

జూన్ 29

నాయనమ్మ చెప్పింది. ఆయన తన ఇష్టంతో నీళ్ళలోకి వెళ్ళాలి. పీక మునిగేదాకా వెళ్ళి ఒళ్ళు వదిలితే, సరిగ్గా అప్పుడు నేను వాణ్ణి పిలవాలి. తోసేస్తే ఒళ్ళు మునిగిపోతుంది, ఇద్దరూ పోతారు. ఇంకొకటి కూడా చెప్పింది. బయట ఉన్నవాడు పెద్దబ్బాయి అన్న పేరుకి పలకనన్నాళ్ళే నీళ్ళలో ఉన్నవాడికి ఆ పేరు ఉంటుంది. ఒక పేరుకి ఇద్దరు పలకరు. సముద్రం ఊరుకోదు.

"ఆడు పలక్కుండా సూసుకో. ఎవులైనా ఆడి ముందు ఆ పేరెత్తితే మాట మార్సీ."

అప్పటి నుంచి ఇంట్లో నా పని అదే. అమ్మ "పెద్ద..." అనగానే పాలు పొంగుతున్నాయంటాను.

జూన్ 30

ఆయన్ని అడిగాను. తాతా అని నోరు రాలేదు, పద్దెనిమిదేళ్ళవాణ్ణి. ఏమీ పిలవకుండానే అడిగాను.

మా నాన్న గడ్డం గీసుకుంటుంటే గుమ్మంలో కూర్చుని చూస్తున్నాడు. రోజూ చూస్తాడు. నాన్నకు కణతల దగ్గర నెరిసింది. "ఆడు నా కొడుకంట" అన్నాడు నాతో గుసగుసగా. "నాకంటే ముసిలోడు." నవ్వాడు. అంతలో నాన్న అద్దంలోంచి చూసి, "క్యా దేఖ్తా హై రే? పుస్తకం తియ్యి. పరీక్షలో తప్పావంటే డాక్‌యార్డులో నాతోపాటు ఖలాసీ పని" అని కసిరాడు. ఆయన సంతోషంగా తలూపి లోపలికి వెళ్ళి పుస్తకం తెచ్చుకుని తలకిందులుగా పట్టుకున్నాడు. కొడుకు తిడుతుంటే ఎంత ముచ్చటగా విన్నాడో.

అదంతా అయ్యాక అడిగాను. మా తమ్ముడు లోపల ఉన్నాడు, నువ్వు వెళ్తే వస్తాడు అని.

గోళ్ళు కొరుక్కున్నాడు.

"మళ్ళా అందులోకా?" అన్నాడు. "నీకు తెల్దు పాపా. ఊపిరి పట్టుకుంటావు, పట్టుకుంటావు. ఇంక పట్టుకోలేక నువ్వే నోరు తెరుస్తావు. నువ్వే." నా చేయి పట్టుకున్నాడు, చెమట. "నన్ను ఎవులూ పిలవలేదు. నువ్వొక్కదానివే పిలిసేవు. ఇప్పుడు నువ్వే పొమ్మంటన్నావు."

నేను ఆయన్ని ద్వేషిద్దామనుకున్నాను. రాలేదు.

జూలై 2

అమ్మతో చెప్పేద్దామనుకుని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, వాడిలో నీకేమైనా తేడా కనబడుతోందా అని అడిగాను. బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. చేతులాగలేదు.

"నా కొడుకు కాదని నాకు తెలీదనుకున్నావా? మొదటి రోజే తెలుసు. తల తుడుస్తుంటే సుడి అక్కడే ఉంది, మనిషి లేడు."

"మరి..."

"మరేంటి? క్యా కరూఁ మైఁ? మీ తాతైతే ఏం, ఎవుడైతే ఏం, కంచం ముందు కూర్చుంటున్నాడు. తింటున్నాడు. ఆడి కాళ్ళు ఆడివే, చేతులు ఆడివే. అవి నేను కన్నాను. అవి మట్టిలో పెట్టుకోలేను, నీళ్ళలో పారెయ్యలేను."

"వాడు పలుకుతున్నాడమ్మా. నేను విన్నాను."

"నేను వినలేదు" అంది అమ్మ. చేటలో బియ్యం ఒక్కసారి ఎగరేసింది. "నా చెవులకి ఏమీ వినబడదు. ఇంకెప్పుడూ నాతో ఈ మాట ఎత్తకు."

జూలై 5

ఇవాళ పిలిస్తే వాడు ఆలస్యంగా పలికాడు. గొంతు కొంచెం సన్నబడింది. గాలి ఎదురుగా ఉండటం వల్ల.

జూలై 6

గాలి ఎదురుగా లేదు.

జూలై 7

నాయనమ్మ ఆయన్ని ఒప్పించింది. ఎలా ఒప్పించిందో నాకు చెప్పలేదు, తలుపు వేసుకుని మాట్లాడుకున్నారు. బయటికి వచ్చాక ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి, నాయనమ్మవి పొడిగా ఉన్నాయి.

"నానూ కూడా ఎల్తాను. ఒక్కణ్నే పంపను. అప్పుడు పిలవలేదు కదా, ఈసారి ముందుండి, పేరు పెట్టి పిలుస్తాను. నోరు తిరగాలి గాని."

"నువ్వు తిరిగి రావా?"

"మీ తాతని సూసుకోనే? సిన్నోడు." అని నవ్వింది. పళ్ళు లేని నవ్వు, సిగ్గుపడుతున్న నవ్వు. మా నాయనమ్మ ఒకప్పుడు నా ఈడు పిల్ల అని నాకు ఇవాళే తెలిసింది.

వద్దనాలి. నాకు తమ్ముడు కావాలి. వద్దనలేదు.

జూలై 8

నాన్న డ్యూటీకి వెళ్ళాడు. గంగమ్మ మొక్కు ఉందని చెప్పి ముగ్గురం పొద్దున్నే బస్సెక్కాం. అమ్మ గేటు దగ్గర నిలబడి చూసింది, ఏమీ అడగలేదు. అడగలేదు కాబట్టి నాకు అర్థం కావాల్సింది.

నీరు వెనక్కి తీసి ఉంది, వాన లేదు. నాయనమ్మ పసుపు రాసుకుని, ఉన్న ఒక్క మంచి చీర కట్టుకుంది. ముందు ఆవిడే దిగింది. మోకాళ్ళ నొప్పులు లేనిదానిలా నడిచింది. నీరు మెడ దాకా వచ్చాక తిరిగి చేయి చాపింది. "మావా, రా."

ఆయన దిగాడు. మోకాళ్ళు. నడుము. నాకు ఒడ్డుకు వినబడేటట్టు ఏడుస్తున్నాడు, అయినా ఆగలేదు. నా పక్కనుంచి వెళ్ళేటప్పుడు నా తల మీద చేయి పెట్టాడు. మా తమ్ముడి చేయి. అది ఆశీర్వాదం అని తర్వాత తెలిసింది నాకు.

నేను వీపు తిప్పాను. ఉప్పునీరు మింగాను. పెద్దబ్బాయీ అన్నాను.

"ఆ రహా హూఁ దీదీ."

దగ్గరగా. ఎంత దగ్గరగా అంటే ఊపిరి వినబడింది. పెద్దబ్బాయీ, రారా, రా. నీటిలో అడుగులు, పరుగులు. చెప్పొద్దూ, నవ్వొచ్చింది నాకు. వాడు పరిగెత్తితే ఎప్పుడూ అలాగే చెప్పులు టపటపలాడతాయి.

అప్పుడు ఎదురుగా, రోడ్డు మీంచి అమ్మ వచ్చింది. తర్వాతి బస్సుకి వచ్చి ఉంటుంది. చెప్పుల్లేవు, కొంగు జారిపోయింది. నన్ను చూడలేదు. నా వెనక్కి చూసింది. కన్నకొడుకు మెడ దాకా నీళ్ళలోకి నడిచిపోవడం చూసింది. నోరు తెరిచి కేక పెట్టింది. పెళ్ళై వచ్చిన రోజు నుంచి నోట పలకని పేరు. అత్తగారి ముందు, సముద్రం ముందు.

"సత్యారావూ! రా నాయనా! వచ్చెయ్యి!"

నేను వెనక్కి తిరిగాను. తిరగకూడదని తెలుసు. తిరిగాను.

ఆయన ఆగిపోయాడు. ఏ తల్లీ పిలవలేదు ఆయన్ని, ఉన్న తల్లి, పిలవబోయిన పెళ్ళాం నోరు మూసింది. ఒక తల్లి పేరు పెట్టి పిలిస్తే పద్దెనిమిదేళ్ళవాడు ఏం చేస్తాడు? నాయనమ్మ చేయి అలాగే చాపి ఉంది. ఆవిడ పెదాలు కదిలాయి, ఆ పేరు కోసమే అనుకుంటాను, అల వచ్చి నోటి మీద కొట్టింది. ఆయన ఒడ్డుకేసి తిరిగి, చేతులతో నీటిని తోసుకుంటూ, పడుతూ లేస్తూ అమ్మ దగ్గరికి పరిగెత్తాడు. అమ్మ మోకాళ్ళ మీద పడి కావలించుకుంది.

నా వెనక అడుగులు ఆగిపోయాయి. ఇక్కడే, చేతికందేంత దూరంలో. తర్వాత నాయనమ్మ చీర కొంగు మాత్రం కాసేపు నీటి మీద కనబడింది.

జూలై 9

నాయనమ్మను తెచ్చారు. మొక్కు స్నానానికి దిగి కాలు జారిందని అందరితో చెప్పాం. కొరివి నాన్న పెట్టాడు. ఆయన కూడా వెళ్తానంటే నాన్న "నువ్వెందుకురా, జ్వరమొస్తుంది" అన్నాడు. పెళ్ళాం దహనానికి ఆయన పెరట్లో కూర్చున్నాడు, ఆ పాత వల ఒళ్ళో వేసుకుని, ముడులు విప్పుతూ, మళ్ళీ వేస్తూ.

జూలై 15

అమ్మా నేనూ మాట్లాడుకోవడం లేదు. ఉప్పు ఇటివ్వు, తలుపు వెయ్యి, అంతే.

అమ్మ తప్పు అని రాద్దామని కూర్చున్నాను. నేను అమ్మనై ఒడ్డున నిలబడి ఉంటే? రాయలేకపోతున్నాను. ముందు పిలిచింది నేను.

జూలై 20

వాడు ఇంకా పలుకుతున్నాడు. చాలా చిన్నగా. "ఆ రహా హూఁ" వరకే వినబడుతోంది, దీదీ వినబడటం లేదు.

ఆయన మళ్ళీ నీటి దగ్గరికి రాడు. బావిలోంచి చేద లాగడానికి కూడా భయపడుతున్నాడు. నేను అడగను. అడిగే హక్కు ఉన్నావిడ పోయింది.

జూలై 26

ఆయన హిందీ నేర్చుకుంటున్నాడు. రాముడు నేర్పుతున్నాడు, వీడికి మతి పోయిందని జాలిపడి. పాల భయ్యాతో ఇవాళ "అచ్ఛా భయ్యా" అన్నాడు. నాన్న సంబరపడ్డాడు. డాక్టరు చెప్పినట్టే నెమ్మదిగా అన్నీ వస్తున్నాయట.

ఆగస్టు 3

అమ్మ మళ్ళీ ఆ పేరు నోట ఎత్తలేదు. మామగారి పేరు కదా. ఒడ్డున ఒక్కసారి, అంతే. ఇప్పుడు మా వాణ్ణి పిలిచినట్టే ఆయన్ని పిలుస్తోంది. నేను పాలు పొంగుతున్నాయన్నా, ఎవరో వచ్చారన్నా ఆగడం లేదు. ఆయన ఇంతవరకు పలకలేదు. తననే అని తెలుసు, అయినా పలకడు, నా వైపు చూస్తాడు. నాయనమ్మ ఆయనకు కూడా చెప్పి ఉంటుంది.

అందుకు ఆయనకు నేను దణ్ణం పెట్టాలి. పెట్టలేదు.

ఆగస్టు 11

నాన్న ఇవాళ ఆయన్ని కొట్టాడు. "బాప్ పిలిస్తే పలకవేంరా? పెద్దబ్బాయీ అని ఎన్నిసార్లు పిలవాలి? చెవుడా, పొగరా?" చెంప మీద వేళ్ళ అచ్చులు పడ్డాయి, గోరు గీరుకుపోయింది. ఆయన పలకలేదు. కొడుకు చేతి దెబ్బ తిని నిలబడ్డాడు. నాన్న వరండాలోకి వెళ్ళి కూర్చుని తల పట్టుకున్నాడు. "సముద్రంలోంచి వచ్చినా నా కొడుకు నాకు రాలేదే" అన్నాడు నాతో. నాన్నకు ఏమీ తెలియదు. నాన్న ఏడుపు మాత్రం నిజం.

ఆగస్టు 14

మూడు రోజులుగా వెళ్తున్నాను. వాడు పలకడం లేదు. నీటి చప్పుడే తప్ప ఏమీ లేదు. దూరం వెళ్ళి ఉంటాడు. చిన్నప్పుడు కూడా అలిగితే పలికేవాడు కాదు, ఎంత పిలిచినా.

ఆగస్టు 15

ఊరంతా జెండాలు. స్కూల్లో మిఠాయి ఇచ్చారు. వాడి వంతు కూడా నాకే ఇచ్చారు, తమ్ముడికి ఇవ్వమని. ఇంటికి తెచ్చి ఆయనకు ఇచ్చాను. సగం తుంచి నాకు పెట్టాడు.

ఆగస్టు 19

సాయంత్రం బస్సుకి పోయి, ఒడ్డున పిలిచి వచ్చాను. గొంతు పోయేదాకా పిలిచాను. చివరికి, నా చెవి కల్పించుకున్నదో ఏమో, ఎక్కడో చాలా దూరంగా ఒక్క "ఆ" వినబడింది. అది వాడే. అది చాలు అనుకుని బస్సెక్కాను.

ఇంటికి వచ్చేసరికి అమ్మ కంచాలు పెట్టింది. నాలుగు. నాన్న కూర్చున్నాడు, కొట్టిన రోజు నుంచి మొహం అలాగే ఉంది. ఎముకలు తేలేలా చిక్కిపోయాడు. ఆయన బావి దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాడు. అమ్మ గరిటె పట్టుకుని, చాలా రోజుల తర్వాత నా మొహంలోకి చూసి మాట్లాడింది. ఆజ్ఞాపించలేదు, బతిమాలింది.

"శాంతా, పెద్దబ్బాయిని అన్నానికి పిలవవే. నువ్వు పిలిస్తే పలుకుతాడు."

నాన్న తలెత్తి చూశాడు.

గుమ్మంలో నిలబడ్డాను. ఆయన చేద కింద పెట్టి నా వైపు చూస్తున్నాడు, నేనేం అంటానో అని. చెంప మీద గీత ఇంకా పోలేదు. నా చెవిలో సముద్రం ఉంది. నేను అలసిపోయాను. నిజం ఇదే, ఇంకో కారణం వెతకను. అలసిపోయాను.

పెద్దబ్బాయీ, అన్నానికి రా అన్నాను.

ఆయన కాసేపు ఆగాడు. నేను మాట వెనక్కి తీసుకుంటానేమోనని ఆగాడు. నేను తీసుకోలేదు.

"వస్తన్నా దీదీ" అన్నాడు.

నాన్న అన్నం కలుపుకోవడం మొదలుపెట్టాడు. అమ్మ పప్పు వడ్డించింది. అందరం తిన్నాం.

ఇది రాస్తూ మధ్యమధ్యలో ఆగి వింటున్నాను. రేకుల మీద చినుకులు వినబడుతున్నాయి, కోళ్ళు వినబడుతున్నాయి, పక్కగదిలో ఆయన దగ్గు వినబడుతోంది. సముద్రం వినబడటం లేదు.